సిద్దిపేట కట్టడాలు – ప్రకృతి

ప్రకృతికి తగ్గట్టు కట్టడం అనే మాటను రెండు రకాల పనులకు వాడుతున్నారు. ఎండ, గాలి, వాన, నేల తీరు చూసి కట్టడం ఒకటి. పువ్వునో కొండనో చూసి కట్టడానికి ఆ రూపం ఇవ్వడం ఇంకొకటి. తెలంగాణలోని సిద్దిపేట జిల్లాలో రెండూ కనిపిస్తాయి.

సిద్దిపేట దక్కన్ పీఠభూమి మీద, సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. మే నెల మధ్యలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అందుకే ఎండాకాలం ఇంటికి వేడి ప్రధానంగా కప్పు నుంచే దిగుతుంది. పాత మేస్త్రీలకు అక్షాంశాల లెక్క తెలియకపోవచ్చు గానీ ఆ సంగతి బాగా తెలుసు. గూనపెంకలను ఒక వరుస వెల్లకిలా, దానిమీద ఒక వరుస బోర్లా పరిచేవారు. వాటి సందుల్లో గాలి ఆడుతుంది, కప్పు కింద చేరిన వేడి బయటికి పోతుంది. మందపాటి మట్టిగోడను దాటి ఎండ వేడి లోపలికి రావడానికి గంటలు పడుతుంది. అప్పటికి పొద్దు వాలుతుంది. కలిగినవాళ్ల భవంతి ఇళ్లలో, అంటే కోస్తాలో మండువా లోగిలి అనేవాటిలో, నడుమ ఆకాశానికి తెరిచిన వాకిలి ఉంటుంది. రాత్రి చల్లగాలి అందులోకి దిగి చుట్టూ ఉన్న అర్రలకు పాకుతుంది. లోపలి వైపు వాలిన కప్పు మీది వాననీళ్లూ అక్కడికే చేరుతాయి.

నేలతో బంధం ఇదే జిల్లాలోని కొమురవెల్లిలో మరో రకం. అక్కడ గుట్ట మీద వెలసిన మల్లన్న మూలవిరాట్టు పుట్టమన్నుతో చేసింది.

రెండో ధోరణికి జిల్లాలోని బూరుగుపల్లి పేరుపడింది. 2023లో అప్సుజా ఇన్‌ఫ్రాటెక్, సింప్లిఫోర్జ్ క్రియేషన్స్ కలిసి ఇక్కడ త్రీడీ ముద్రణతో ఆలయం కట్టాయి. ప్రపంచంలో ఇలాంటి హిందూ ఆలయం ఇదే మొదటిదని నిర్మాతలు ప్రకటించారు. అందులోని మూడు గర్భాలయాల్లో పార్వతిది తామర ఆకారం, వినాయకుడిది మోదకం ఆకారం. అచ్చులు బిగించకుండా యంత్రం పొర మీద పొర పోస్తూ ఇన్ని వంపులు తేవడం గొప్ప పనితనమే. అయినా కాంక్రీటుకు తామర రూపం ఇచ్చినంత మాత్రాన అది చల్లబడదు.

తప్పు కాంక్రీటుదని కాదు. అమెరికాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1935లో రూపకల్పన చేసిన ఫాలింగ్‌వాటర్ ఇల్లు కాంక్రీటు అరుగులతోనే జలపాతం మీద నిలిచింది. హైదరాబాద్‌లో కరణ్ గ్రోవర్ రూపొందించిన సీఐఐ హరిత వ్యాపార కేంద్రమూ కొత్త కట్టడమే; నడుమ వాకిలి, గాలిని లోపలికి దించే గాలిబురుజులు, కప్పు మీద పచ్చిక ఉన్న ఆ భవనం 2003లో అమెరికా బయట మొట్టమొదటిగా, హరిత భవనాలకు ఇచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపు పొందింది. గాలిబురుజు ఇరాన్‌లో ఎప్పటినుంచో ఉన్నది, వాకిలి మన భవంతిలోది.

ఇప్పుడు సిద్దిపేటలో కడుతున్న ఇళ్లు ఎక్కువగా స్లాబువే. పగలంతా తాగిన వేడిని స్లాబు రాత్రి ఇంట్లోకి వదులుతుంది. దీన్ని తగ్గించడానికే తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానం ప్రకటించింది. ఎండను తిప్పికొట్టే తెల్లని పూత గానీ పెంకులు గానీ వేయడం అందులోని మార్గం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ, 600 చదరపు గజాలు, ఆపై స్థలంలోని ఇళ్లకూ ఇది తప్పనిసరి. అంతకన్నా చిన్న స్థలాల్లోని ఇళ్ల విషయం మాత్రం యజమాని ఇష్టానికే వదిలేశారు.