ఫ్లో సైటోమెట్రీ

ద్రవంలో తేలే కణాలను వరసకట్టించి, ఒక్కొక్కటిగా లేజర్ కాంతి ముందు నుంచి పోనిచ్చి, కణం పరిమాణాన్ని, లోపలి నిర్మాణాన్ని, దాని మీది ప్రొటీన్లను కొలిచే పద్ధతి ఫ్లో సైటోమెట్రీ. దీనితో సెకనుకు వేల కణాలను పరీక్షించవచ్చు. రోగనిరోధక శాస్త్రం, రక్త క్యాన్సర్ల నిర్ధారణ, మూలకణ పరిశోధన, పశుసంవర్ధకం దీన్ని విరివిగా వాడుకుంటున్నాయి. తెలంగాణలో ఈ యంత్రాలు ప్రధానంగా హైదరాబాదు నగరంలోని పరిశోధన సంస్థల్లో, పెద్దాసుపత్రుల్లో కనిపిస్తాయి. మెదక్ జిల్లా టేక్మాల్ వంటి మండలాలకు చేరేది వాటి ఫలితమే: ల్యాబ్ రిపోర్టులో అంకెగానో, పశువుల కొట్టంలో ఆడదూడగానో.

పేరు

‘సైటో’ అంటే కణం, ‘మెట్రీ’ అంటే కొలత. మొదట్లో ఈ పద్ధతిని పల్స్ సైటోఫోటోమెట్రీ అనేవారు. 1976లో అమెరికాలోని పెన్సకోలాలో జరిగిన సదస్సులో ఫ్లో సైటోమెట్రీ అన్న పేరు ఖాయమైంది. కణాలను వేరుచేసే యంత్రాన్ని ప్రయోగశాలల్లో ‘ఫ్యాక్స్’ అంటారు.

పనిచేసే తీరు

కణాలున్న సన్నని ధార చుట్టూ మరో ద్రవాన్ని వేగంగా పారిస్తారు. ఆ ఒత్తిడికి లోపలి ధార దారంలా సన్నబడి, కణాలు ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి. లేజర్ తగలగానే ప్రతి కణమూ కాంతిని చెదరగొడుతుంది. ముందుకు చెదిరిన కాంతి కణం ఎంత పెద్దదో, పక్కకు చెదిరినది దాని లోపల ఎన్ని రేణువులున్నాయో తెలుపుతుంది. మెరిసే రంగులు అంటించిన యాంటీబాడీలను ముందే కలిపి ఉంచితే, అవి తమకు సరిపడే ప్రొటీను ఉన్న కణాలనే పట్టుకుని వెలుగుతాయి. తెర మీద ఒక్కో కణం ఒక్కో చుక్క. ఒకే జాతి కణాలన్నీ ఒకచోట గుంపుగా పడతాయి.

లెక్కింపు నుంచి వేరుచేయడం దాకా

పారే కణాలను కాంతితో లెక్కించవచ్చని 1934లో ఆండ్రూ మోల్డవాన్ ప్రతిపాదించాడు. షికాగోకు చెందిన వాలెస్ కౌల్టర్ విద్యుత్తును ఎంచుకున్నాడు. ఉప్పునీటిలోని కణం సన్నని రంధ్రం దాటేటప్పుడు విద్యుత్ నిరోధం ఒక్క క్షణం పెరుగుతుంది. ఆ పెరుగుదలే కణం పరిమాణాన్ని చెబుతుంది. తొలి ప్రయోగానికి ఆయన సిగరెట్ పెట్టె మీది సెల్లోఫేన్ కాగితానికి కాల్చిన సూదితో బెజ్జం పెట్టాడని చెబుతారు. 1953లో పేటెంట్ వచ్చింది. ఇవాళ డెంగీ జ్వరానికి ‘ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయి’ అని అడిగితే జవాబిచ్చే సీబీపీ (రక్తకణాల లెక్క) యంత్రాల్లో చాలావాటికి మూలం ఈ సూత్రమే. ఆ లెక్కన ఫ్లో సైటోమెట్రీకి సీబీపీ దగ్గరి చుట్టం.

1965లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో మ్యాక్ ఫుల్‌వైలర్ కణాలను వేరుచేసే యంత్రాన్ని తయారుచేశాడు. కౌల్టర్ కొలతకు ఆయన స్టాన్‌ఫర్డ్‌లో రిచర్డ్ స్వీట్ కనిపెట్టిన సిరాజెట్ మెలకువను జోడించాడు: ధారను బిందువులుగా విడగొట్టి, కావలసిన బిందువుకు విద్యుదావేశం ఇచ్చి పక్కకు మళ్లించడం. అదే ఏడాది ఐబీఎంలో లూయీ కమెంట్‌స్కీ కణాలను కాంతితో కొలిచే పరికరాన్ని ప్రకటించాడు. 1968లో జర్మనీలోని మ్యూన్‌స్టర్‌లో వోల్ఫ్‌గాంగ్ గ్యోడె మెరుపు రంగుల ఆధారంగా పనిచేసే పరికరాన్ని రూపొందించాడు. సూక్ష్మదర్శినిలో కణాలు లెక్కపెట్టి విసిగిన లెన్ హెర్జెన్‌బర్గ్ బృందం స్టాన్‌ఫర్డ్‌లో 1969లో ఫ్యాక్స్‌ను చేసి, 1972 నాటికి దానికి లేజర్ అమర్చింది. హెర్జెన్‌బర్గ్‌కు 2006లో క్యోటో బహుమతి దక్కింది.

యంత్రం సిద్ధమైనా ఏ కణాన్ని దేనితో గుర్తుపట్టాలన్న చిక్కు మిగిలింది. 1975లో క్యోలర్, మిల్‌స్టీన్ మోనోక్లోనల్ యాంటీబాడీలు తయారుచేయడంతో అది తీరింది. 1982లో పారిస్‌లో జరిగిన సమావేశంతో కణాల గుర్తులకు సీడీ4, సీడీ8 వంటి వరస పేర్లు మొదలయ్యాయి.

హైదరాబాదులో పరిశోధన

పుష్పమిత్ర భార్గవ వ్యవస్థాపక సంచాలకుడిగా 1977లో మొదలైన కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), హబ్సిగూడలోని సొంత ప్రాంగణాన్ని 1987 నవంబరు 26న జాతికి అంకితం చేసుకుంది. కణవిభజన ఏ దశలో ఉందో డీఎన్ఏ పరిమాణాన్ని బట్టి చెప్పడం, చనిపోతున్న కణాలను లెక్కించడం, కావలసిన కణాలను విడదీసి పెంచడం ఇలాంటి సంస్థల్లో ఫ్లో సైటోమీటర్ చేసే నిత్యకృత్యాలు.

సీడీ4 అంకె

ఈ యంత్రం పేరు తెలియని వేల కుటుంబాలకు దాని అంకె తెలుసు. హెచ్‌ఐవీ వైరస్ సీడీ4 గుర్తున్న రోగనిరోధక కణాలను దెబ్బతీస్తుంది. వాటి సంఖ్యను కచ్చితంగా చెప్పిన ప్రధాన సాధనం ఫ్లో సైటోమెట్రీ. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచితంగా హెచ్‌ఐవీని అదుపుచేసే ఏఆర్‌టీ మందులు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, వ్యాప్తి ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పట్లో మందు ఎవరికి మొదలుపెట్టాలో తేల్చడంలో ఈ అంకెదే పెద్ద పాత్ర. ప్రపంచ ఆరోగ్య సంస్థ మందు మొదలుపెట్టే ఆ హద్దును 2010లో 350కి, 2013లో 500కు పెంచి, 2015లో పూర్తిగా చెరిపేసింది. భారత్ 2017లో అంకెతో పనిలేకుండా అందరికీ మందు అన్న విధానం చేపట్టింది. నేడు సీడీ4 పరీక్ష వ్యాధి ఎంత ముదిరిందో తెలుసుకోవడానికి పనికొస్తోంది.

ల్యుకేమియా

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో లెడర్లే ప్రయోగశాలల్లో అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ మందులు వెలువడ్డాయి. అమినోప్టెరిన్‌తో పిల్లల ల్యుకేమియా (రక్త క్యాన్సర్) తాత్కాలికంగా తగ్గిందని 1948లో సిడ్నీ ఫార్బర్ ప్రకటించాడు. మెథోట్రెక్సేట్ నేటికీ ఆ చికిత్సలో భాగమే. మందు పనిచేసిందా అన్నది ఆనాడు సూక్ష్మదర్శినితో చూసేవారు. ఇప్పుడు ఎముక మజ్జను ఫ్లో సైటోమీటర్‌లో పరీక్షించి, పదివేల కణాల్లో ఒక్క క్యాన్సర్ కణం మిగిలినా పసిగడుతున్నారు.

కొట్టం దాకా

పశువుల్లో ఆడదూడనిచ్చే ఎక్స్ క్రోమోజోమ్ ఉన్న వీర్యకణంలో డీఎన్ఏ, వై ఉన్నదానికంటే సుమారు 4 శాతం ఎక్కువ. ఈ కాస్త తేడాతోనే వాటిని వేరుచేయవచ్చు. ఇలా విడదీసిన వీర్యంతో 1989లో అమెరికాలో లారెన్స్ జాన్సన్ బృందం కుందేలు పిల్లలను పుట్టించింది. నేడు పాడి రైతులు అడిగి వేయించుకునే ‘ఆడదూడల సూది’ ఆ పరిశోధన ఫలమే. పదింట తొమ్మిది దూడలు పెయ్యలే అవుతాయి. ఊళ్లలో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర ద్రవ నత్రజని డబ్బాలోంచి వీర్యం నింపిన సన్నని గొట్టం తీసి, గోరువెచ్చని నీళ్లలో అరనిమిషం ఉంచి వాడతాడు. మామూలు గొట్టంలో దాదాపు 2 కోట్ల వీర్యకణాలుంటే, ఇందులో 20 లక్షల ప్రాంతంలోనే ఉంటాయి. ధర ఎక్కువ, చూడి నిలిచే అవకాశం కొంత తక్కువ. రాష్ట్రీయ గోకుల్ మిషన్ దీనికి రాయితీ ఇస్తోంది.

పరిమితులు

కణాలు విడివిడిగా ఉంటేనే యంత్రం చదవగలదు. కణితి ముక్కను విడదీస్తే ఏ కణం దేని పక్కన ఉందో ఆ సమాచారం పోతుంది. రంగులు ఒకదానిలోకి ఒకటి చొరబడతాయి కాబట్టి సరిదిద్దాలి. చుక్కల గుంపు చుట్టూ గీత ఎక్కడ గీయాలన్నది నిపుణుడి అనుభవాన్ని బట్టి ఉంటుంది. దూరం మరో ఇబ్బంది. రక్తం ఊదారంగు మూత గొట్టంలో, మామూలు గది వేడిమిలో, ఒకటి రెండు రోజుల్లో ల్యాబుకు చేరాలి. ఆలస్యమైతే కణాలు చస్తాయి. వీర్యం మాత్రం మైనస్ 196 డిగ్రీల దగ్గర ఏళ్ల తరబడి నిలుస్తుంది. అందుకే మారుమూల మండలంలో పశువుకు కావలసింది యంత్రం దగ్గర నుంచి ఊరికి వస్తుంటే, మనిషి రక్తం ఇంకా యంత్రం దగ్గరికే వెళ్లవలసి వస్తోంది.