మత్తుడు చేసిన కర్మకు కర్త ఎవరు?

వినోదార్థం మాదకద్రవ్యాన్ని సేవించినవాడు దానివల్ల తానే నశించినప్పుడు, లేదా పరులకు హాని కలిగించినప్పుడు, లోకంలో రెండు మాటలు వినబడతాయి. "చేసుకున్నవాడికి చేసుకున్నంత" అన్నది మొదటిది. "పాపం, వాడికి ఒళ్ళు తెలియలేదు" అన్నది రెండవది. మొదటి మాటలో కర్మసిద్ధాంతపు ఛాయ ఉంది గాని కరుణ లేదు. రెండవ మాటలో కరుణ ఉంది గాని కర్తృత్వ విచారణ లేదు. ఈ రెండింటినీ ఒక్కచోట నిలపడానికి భారతీయ ధర్మచింతన చేసిన ప్రయత్నానికి సుదీర్ఘమైన చరిత్ర ఉంది.

మహాభారత ఆదిపర్వంలోని కచోపాఖ్యానం ఇందుకు ప్రాచీనమైన నిదర్శనం. నన్నయ ఆంధ్రీకరణం వల్ల 11వ శతాబ్దం నుండి ఇది తెలుగువారికి సుపరిచితం. అసురులు కచుణ్ణి వధించి, దహించి, ఆ భస్మాన్ని సురలో కలిపి శుక్రాచార్యుని చేత త్రాగించారు. సురలో భస్మం ఉన్నదని శుక్రునికి తెలియదు. సురను సేవించింది మాత్రం స్వేచ్ఛతోనే. నిజం తెలిసిన తరువాత ఆయన నేరమంతా అసురులపై మోపి విరమించలేదు. తనవంటి జ్ఞానిని సైతం వంచనకు గురిచేసిన ఆ పానాన్నే దోషంగా నిర్ణయించి, ఇకపై సురాపానం చేసే విప్రునికి బ్రహ్మహత్యాపాతకం కలుగుతుందని మర్యాద విధించాడు. తన ఉదరంలో ఉన్న శిష్యునికి మృతసంజీవనీ విద్యను ఉపదేశించాడు. శిష్యుడు తన ఉదరాన్ని చీల్చుకొని బయటకు రావడానికి అంగీకరించాడు. బాధితునికి న్యాయం చేయడానికి తన ప్రాణాన్నే పణంగా ఒడ్డి, ఆ తరువాత లోకానికి నియమం చెప్పాడు. ఆ క్రమం గమనార్హం.

మౌసలపర్వంలో ఇదే ప్రశ్న మరింత దారుణంగా ఎదురవుతుంది. మునిశాపానికి భీతిల్లిన యాదవులు ద్వారకలో మద్యం తయారీని నిషేధించి, ఉల్లంఘించినవానికి బంధుసహితంగా శూలారోహణమే శిక్ష అని చాటించారు. ఆ యాదవులే ప్రభాసతీర్థంలో కృష్ణుని కన్నుల ఎదుట పానమత్తులయ్యారు. సాత్యకి కృతవర్మను నిద్రితులను సంహరించినవాడని పరిహసించాడు. కృతవర్మ భూరిశ్రవుని వధను ఎత్తిపొడిచాడు. ఖడ్గం లేచింది, కృతవర్మ శిరస్సు నేలకూలింది. క్షణాలలో భోజాంధకులు సాత్యకిని, ఆయనకు అడ్డుపడిన ప్రద్యుమ్నుని హతమార్చారు. వంశమే నశించింది. మత్తు అక్కడ కొత్త వైరాన్ని సృష్టించలేదు. పద్దెనిమిది దినాల యుద్ధం నాటి వైరం ముప్పది ఆరేండ్లుగా మనస్సులలో అణగి ఉండగా, దానికి కాపలాగా ఉన్న వివేకాన్ని మాత్రమే తొలగించింది.

ఆ శ్మశానశాంతిలో అర్జునుడు ద్వారకకు వచ్చినప్పుడు వృద్ధ వసుదేవుడు పలికిన మాటలు ఈ విషయానికి హృదయం వంటివి. నీ ప్రియశిష్యులైన ఆ ఇద్దరి దోషం వల్లనే వృష్ణులు నశించారని ఆయన మొదట స్పష్టంగా అన్నాడు. వెంటనే సాత్యకిని గాని, కృతవర్మను గాని తాను నిందించడం లేదని, శాపమే దీనికి కారణమని అన్నాడు. పుత్రపౌత్రులను పోగొట్టుకున్న తండ్రి దోషాన్ని దాచలేదు, దోషిని ద్వేషించనూలేదు. దోషాన్ని పేరుపెట్టి చెప్పడం వేరు, నిందలో సుఖించడం వేరు.

ఈ భేదాన్ని ధర్మశాస్త్రం విధిగా మలచింది. సురాపానాన్ని మహాపాతకాలలో చేర్చిన మనుస్మృతి, అకామకృతమైన పాపానికి, కామకృతమైన పాపానికి వేర్వేరు శోధనాలను చెబుతుంది. ప్రాయశ్చిత్తం చేసుకున్నవారిని ఎన్నడూ జుగుప్సతో చూడరాదని పదకొండవ అధ్యాయంలోనే శాసిస్తుంది. అయితే బాలహంతలు, కృతఘ్నులు, శరణాగతులను, స్త్రీలను చంపినవారు శుద్ధులైనా వారితో సహవాసం కూడదని ఆ వెంటనే చేర్చుతుంది. అంటే క్షమకూ ఒక అవధి ఉంది. దానిని నిర్ణయించేది హానిపొందినవాని నిస్సహాయత.

కౌటిల్యుని అర్థశాస్త్రం మరొక కర్తను చూపింది. సురాధ్యక్ష ప్రకరణం ప్రకారం, మత్తులో నిద్రించిన గ్రాహకుని ఆభరణాలో, వస్త్రాలో, ధనమో పోతే విక్రేత ఆ నష్టాన్ని పూరించి, అంతే మొత్తాన్ని దండంగా కూడా చెల్లించాలి. త్రాగినవాని బాధ్యత విక్రేతను నిర్దోషిగా చేయదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాలనే ఎదిరించినప్పుడు ఆ ప్రాచీన న్యాయమే మరొక రూపంలో పునరుజ్జీవించింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం ఆ ఉద్యమానికి ఫలాలు. రెండేళ్ళలోనే రెండవది సడలిపోయింది.

ఆధునిక శాసనమూ ఇదే విభాగరేఖపై నడిచింది. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి, తనకు తెలియకుండా గాని, తన ఇచ్ఛకు విరుద్ధంగా గాని మత్తుపదార్థం ఇవ్వబడి, చేస్తున్నది ఏమిటో తెలియని స్థితికి చేరినవానికే మినహాయింపు ఇచ్చింది. స్వేచ్ఛతో సేవించినవానికి, సేవించకపోతే ఉండే జ్ఞానం ఉన్నట్లే భావించాలని ఆదేశించింది. 1956లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన అభియోగంలో ఒక విశ్రాంత సైనికుడు పెండ్లి విందులో త్రాగి, కూర్చునే చోటు కోసం ఒక బాలుణ్ణి పక్కకు జరగమన్నాడు. జరగనందుకు పిస్తోలుతో కాల్చి చంపాడు. త్రాగి ఉన్నాడన్న కారణం హత్యానేరాన్ని తగ్గించదని న్యాయస్థానం తీర్పు చెప్పింది. అయితే క్రింది న్యాయస్థానం అతని స్థితిని గమనించి, మరణదండనకు బదులు యావజ్జీవ ప్రవాసాన్నే విధించింది. నేరనిర్ణయంలో బాధ్యత, దండనిర్ణయంలో కరుణ.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనూ ఈ సమన్వయం కనబడుతుంది. సేవనం దండనీయమే, అయితే స్వల్ప పరిమాణానికి సంబంధించిన అభియోగం ఉన్న వ్యసనపరుడు స్వచ్ఛందంగా చికిత్స కోరితే అభియోగం నుండి రక్షణ లభిస్తుంది. చికిత్సను పూర్తిచేయకపోతే ఆ రక్షణను ఉపసంహరించవచ్చు. ఇది ప్రాయశ్చిత్తానికి ఆధునిక నామాంతరమే. తలుపు తెరిచేది సమాజం. లోపలికి నడవవలసింది వ్యసనపరుడే.

కర్మఫలం అనుభవించక తప్పదన్న సిద్ధాంతం, అనుభవిస్తున్నవానిని విడిచిపెట్టమని చెప్పలేదు. వ్యాధిగ్రస్తుని వ్యాధికి అతని అపథ్యమే కారణమైనా వైద్యుడు ఔషధాన్ని నిరాకరించడు. అపథ్యం కాదని అబద్ధమూ చెప్పడు. మత్తులో వాహనం నడిపి ఒకరి ప్రాణం తీసినవాని ముందు, అతని తల్లి ముందు, మరణించినవాని తల్లి ముందు పలకవలసిన వాక్యం ఒక్కటే కావాలి, అది ముగ్గురికీ సత్యం కావాలి. వసుదేవుడు తన శోకంలోనూ వెదకినది అటువంటి వాక్యాన్నే.