దర్బారు ఫొటోగ్రాఫర్ దీన్‌దయాళ్

1892లో హైదరాబాద్‌లో ఒక వింత ఫొటో స్టూడియో వెలిసింది. చుట్టూ ఎత్తైన గోడలు. మగపురుగు లోపల అడుగుపెట్టడానికి వీల్లేదు. కెమెరా వెనక నిలబడేదీ ఆడవాళ్లే. ఘోషాలో ఉండే నవాబుల ఇంటి ఆడవాళ్లు పరాయి మగవాడి కంట పడకుండా ఫొటో దిగడానికి చేసిన ఏర్పాటది. నడిపింది కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లిషు దొరసాని. పెట్టించింది లాలా దీన్‌దయాళ్. వ్యాపారం తెలిసిన మనిషి! రాజుగారి ఫొటో తీసిన చోట రాణిగారి ఫొటో మాత్రం ఎందుకు వదులుకోవాలి?

మీరట్ దగ్గర సర్ధనాలో 1844లో ఒక జైన కుటుంబంలో పుట్టారాయన. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, 1866లో ఇందౌర్‌లో ప్రజాపనుల శాఖలో చేరారు. 1874 ప్రాంతంలో కెమెరా పట్టారు. హోల్కర్ మహారాజు తుకోజీరావు వెన్నుతట్టారు. లెపెల్ గ్రిఫిన్ దొర వెంట బుందేల్‌ఖండ్ తిరిగి తీసిన కోటలు, గుళ్ల ఫొటోలు 1886లో పుస్తకంగా వచ్చాయి. నక్షాలు గీసిన చెయ్యి ఊరికే పోతుందా? ఆ ఫొటోల్లో గుడి శిఖరం ఒరగదు, స్తంభాల వరస వంకర పోదు.

ఆ తర్వాత సర్కారీ కొలువు వదిలేసి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పంచన చేరారు. సికింద్రాబాద్‌లో స్టూడియో, నిజాం ఇచ్చిన ‘రాజా ముసవ్విర్ జంగ్’ బిరుదు, 1896లో బొంబాయి శాఖ, మరుసటేడు విక్టోరియా రాణి గుర్తింపు... అన్నీ పదేళ్లలోనే.

1902లో వైస్రాయి కర్జన్ దంపతులు మన వరంగల్ వైపు నెక్కొండలో పులివేటకు వచ్చారు. చచ్చిన పులి ముందు, దొరా దొరసానీ వెనక. ఆ ఫొటో ఈయనదే. అంతకు రెండు మూడేళ్ల ముందు ఔరంగాబాద్ కరువు శిబిరాలనూ ఆయన స్టూడియోనే ఫొటోలు తీసింది. నిజాం సర్కారు చేస్తున్న సాయం లోకానికి చూపించడం వాటి ఉద్దేశం. గంజి కోసం వరసగా కూర్చోబెట్టిన మనుషుల పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. సర్కారు దయకంటే ముందు ఆ ఎముకలే కంటపడతాయి. నా మటుకు దర్బారు ఫొటోలన్నీ ఒక ఎత్తు, ఇవి ఒక ఎత్తు.

1904లో కొడుకు ధరమ్‌చంద్, మరుసటేడు జులైలో ఆయన కన్నుమూశారు. మిగిలిన గాజు నెగటివ్‌లలో 2,857 పలకలను 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం కొన్నది. హైదరాబాద్ దర్బారు అసలు పలకలను చూడాలంటే ఇప్పుడు ఢిల్లీ బండి ఎక్కాల్సిందే.