జర్నైల్ తల పగిలింది, ఇప్పుడు ఎవరిని దించాలె? - 1962 జకార్తా ముచ్చట

ఇయ్యాల ముచ్చట ఫుట్‌బాల్‌ది. క్రికెట్ తప్ప వేరేది చూడనోళ్లు కూడా ఆగండి, ఇది మన హైదరాబాద్ మనిషి కథ.

ముందు 2022 కు పోదాం. నవంబర్ 19. ఖతర్‌లో ప్రపంచకప్ తెల్లారితే మొదలు. ఆ రోజు ఫ్రాన్స్ జట్టు నుంచి ఒక కబురు వచ్చింది: కరీమ్ బెంజెమాకు తొడ దగ్గర గాయం, ఆడడు. అంతకుముందు నెలలోనే బాలన్ డోర్ తీసుకున్న ఆటగాడు. ఇంకేముంది, ప్రపంచమంతా ఒకటే లొల్లి. ఆయన జాగాలో ఎవరిని దించాలె? మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు గల్ఫ్‌కు మనిషి పోని ఊరు దొరకడం కష్టం. దోహాలో మనోళ్లు ఎంతమంది ఉన్నరో మీకు తెల్సు. వాళ్ల వీడియో కాల్స్‌లో ఆ నెల రోజులు జీతాలు, వీసాలతో పాటు ఫుట్‌బాల్ కూడా వచ్చి చేరింది. బెంజెమా పోతే ఫ్రాన్స్ పని ఖతమే అన్నోళ్లు చాలామంది. కోచ్ దెషాం మాత్రం కొత్తగా ఇంకొకరిని పిలవలేదు. ఉన్నోళ్లతోనే పోయాడు. 36 ఏళ్ల జిరూ నాలుగు గోల్స్ కొట్టాడు, ఫ్రాన్స్ ఫైనల్ దాకా పోయింది.

ఇసొంటి వాదన పెట్టుకున్నప్పుడు మనం చేసే పని ఒకటి ఉంటది. పేరుకు పేరు వెతుకుతం. స్ట్రైకర్ పోతే ఇంకో స్ట్రైకర్, డిఫెండర్ పోతే ఇంకో డిఫెండర్. 60 ఏళ్ల కిందట ఒక హైదరాబాదీ ఈ లెక్కనే తిరగేశాడు.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టాడు. వృత్తి టీచర్. అందరికీ రహీం సాబ్. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్. ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు గెలిచింది. ఐదుసార్లు! ఇయ్యాల ఐపీఎల్‌లో ఒక టీమ్ వరుసగా మూడు కప్పులు కొడితే మనం ఏం చేస్తమో ఊహించుకోండి. భారత జట్టు కోచ్ కూడా ఆయనే. 1951 ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆ ఒలింపిక్ జట్టులో నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరామ్ లాంటి మన హైదరాబాద్, సికింద్రాబాద్ ఆటగాళ్లు ఉన్నారు.

ఇప్పుడు 1962. జకార్తాలో ఏషియన్ గేమ్స్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయాం. తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో కొట్టాం. కానీ ఆ మ్యాచ్ ఖరీదైంది. డిఫెన్స్ నడిమిట్ల గోడలాగ నిలబడే జర్నైల్ సింగ్ తల పగిలింది. ఆరు కుట్లు పడ్డాయి.

జర్నైల్ సింగ్ అంటే మామూలు ఆటగాడు కాదు. మోహన్ బగాన్ డిఫెండర్, ఆ రోజుల్లో ఆసియాలోనే పేరు మోసినోడు. తర్వాత ఏషియన్ ఆల్ స్టార్స్ జట్టుకు కెప్టెన్ కూడా అయ్యాడు. పైగా ఆయన ఒక్కడికే కాదు సమస్య. ఇంకో డిఫెండర్ త్రిలోక్ సింగ్ కాలికి దెబ్బ. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌కు జ్వరం. అప్పట్లో జట్టు వెంబడి ఇప్పటిలాగ ఇరవై ఆరుగురు ఆటగాళ్లు, పది మంది ఫిజియోలు ఉండరు. మధ్యలో మనిషిని మార్చే పద్ధతి కూడా ప్రపంచకప్‌లోకి 1970 మెక్సికోలో గానీ రాలేదు. తప్పు మనిషిని దించితే 90 నిమిషాలు ఆ తప్పుతోనే బతకాలె.

అదే ఏడాది, మూడు నెలల ముందే, ఇదే ప్రశ్న బ్రెజిల్‌కు ఎదురైంది. చిలీలో ప్రపంచకప్. చెకోస్లోవేకియాతో రెండో మ్యాచ్‌లో పెలేకు కండరం పట్టేసింది. మార్చడానికి లేదు కాబట్టి మిగిలిన ఆటంతా కుంటుకుంటూ మైదానంలోనే ఉన్నాడు, మ్యాచ్ 0-0. తర్వాత ఆ జాగాలో అమరిల్దో అనే కుర్రోడిని దించారు. స్పెయిన్ మీద రెండు గోల్స్, ఫైనల్లో ఇంకోటి కొట్టాడు. కప్పు బ్రెజిల్‌దే. అంటే బ్రెజిల్ జవాబు మనం హోటల్లో ఛాయ్ తాగుకుంట చెప్పే జవాబే: ఫార్వర్డ్ పోతే ఫార్వర్డ్. వాళ్లకు సాగింది, ఎందుకంటే వాళ్ల బెంచ్ మీద అమరిల్దో ఉన్నాడు.

మరి జకార్తాలో? ఆ రోజు మనం ఉంటే ఏమనేటోళ్లమో చెప్పనా? సగం మంది "జర్నైల్‌ను పడుకోబెట్టండి, పాణం ముఖ్యం" అంటరు. ఇంకో సగం "కట్టు కట్టి అదే జాగాలో ఆడించండి, ఆయన లేకపోతే సెమీస్‌లో చిత్తు" అంటరు. రెండూ తెలివైన మాటలే. రహీం సాబ్ రెండూ వినలేదు. తలకు కట్టుతో ఉన్న డిఫెండర్‌ను తీస్కపోయి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు! వెనక నడిమి జాగా అరుణ్ ఘోష్ చూసుకున్నాడు.

ఇది పిచ్చి పనా, లెక్కనా? నాకైతే లెక్కనే అనిపిస్తది. డిఫెన్స్ నడుమ ఉన్నోడు గాల్లో వచ్చిన ప్రతి బంతికీ తల పెట్టాలె, వేరే దారి లేదు. ముందు ఉన్నోడికి ఏ బంతికి ఎగరాలో, దేన్ని వదిలెయ్యాలో కొంచెం తన చేతిలో ఉంటది. ఇంకోటి, జర్నైల్ లాంటి బలమైన మనిషి ఎదురుగా వస్తుంటే అవతలి డిఫెండర్ల చూపంతా ఆయన మీదికే పోతది. అప్పుడు చుని గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరామ్‌లకు జాగా దొరుకుతది. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు రాత్రి రెండింటికి ఒక సర్వర్ పోతే, అసొంటి సర్వరే ఇంకోటి ఎక్కడుందని వెతికేటోళ్లు జూనియర్లు. ఉన్నవాటి మీద పనిని ఎట్ల పంచాలె అని చూసేటోళ్లు సీనియర్లు. సిరిసిల్లలో సాంచాలు నడిపేటోళ్లకు ఇది నేను చెప్పాల్సిన పని లేదు. ఒక మనిషి రాకపోతే షెడ్డు బంద్ పెట్టరు గదా, పక్కోడు రెండు సాంచాలు ఎక్కువ చూసుకుంటడు.

సెమీఫైనల్ దక్షిణ వియత్నాంతో. 3-2తో గెలిచాం. చుని రెండు, జర్నైల్ ఒకటి. అవును, కుట్లు పడ్డ డిఫెండరే.

సెప్టెంబర్ 4, ఫైనల్. మళ్లీ దక్షిణ కొరియా. స్టేడియంలో దాదాపు లక్ష మంది, అందరూ మనకు వ్యతిరేకం. ఎందుకంటే ఇండోనేషియా ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానియ్యలేదు. దాన్ని మన దేశం తరఫు క్రీడా అధికారి జి.డి. సోంధి గట్టిగా తప్పుపట్టాడు. ఆ కోపం మన ఎంబసీ మీద దాడి దాకా పోయింది. మన జాతీయ గీతం వస్తున్నా గోల ఆగలేదని ఆటగాళ్లు తర్వాత చెప్పుకున్నారు. అంత గోలలో 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోల్. 20వ నిమిషంలో జర్నైల్ గోల్. కొరియా చివర్లో ఒకటి కొట్టింది గానీ అప్పటికే ఆలస్యమైంది. 2-1. బంగారు పతకం.

"లక్కు కలిసొచ్చింది" అనేటోళ్లుంటరు. కొంత లక్కు ఉండొచ్చు. కానీ ఒక డిఫెండర్ రాత్రికి రాత్రి ఫార్వర్డ్ కాలేడు. రహీం సాబ్ హైదరాబాద్‌లో పెట్టిన పోటీలు చూస్తే విషయం అర్థమైతది. డ్రిబ్లింగ్ చెయ్యకుండ ఆడే టోర్నమెంట్, అంటే బంతిని కాళ్ల దగ్గర పెట్టుకొని ఒక్కడే ఉరకొద్దు, వెంటనే పాస్ ఇయ్యాలె. ఇంకోటి వాటంలేని కాలితోనే ఆడే టోర్నమెంట్. కుడికాలు వాటమున్నోడు ఎడమకాలితో తన్నాలె. ఇట్ల పెరిగినోడికి "నా జాగా ఇదే" అన్న పట్టింపు తక్కువ ఉంటది. 1962 జట్టులో ఉన్న మన యూసుఫ్ ఖాన్‌నే చూడండి, వెనకా ముందూ ఎక్కడ పెట్టినా ఆడేటోడు. 1966లో అర్జున అవార్డు వచ్చింది.

బలరామ్ సంగతి ఇంకా గమ్మత్తు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ కుర్రోడు, పేదిల్లు. ప్రాక్టీస్‌కు ఫతే మైదాన్ దాకా రావడానికి బస్సు పైసలు లేకపోతే, సైకిల్ కిరాయికి రహీం సాబే డబ్బులిచ్చాడని బలరామే చెప్పుకున్నాడు. ఫతే మైదాన్ అంటే ఇప్పటి ఎల్‌బీ స్టేడియం. బెంచ్ అంటే జకార్తాలో కూర్చున్న నలుగురు కాదు. అమ్ముగూడ నుంచి సైకిల్ తొక్కుకుంట వచ్చే పిలగాడు కూడా బెంచే.

ఇక్కడిదాకా సంతోషం. తర్వాత ఏమైందో కూడా చెప్పాలె.

జకార్తా నుంచి వచ్చిన ఏడాది లోపే, 1963 జూన్‌లో, రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయాడు. వయసు 53. అదే ఏడాది ఊపిరితిత్తుల జబ్బుతో బలరామ్ ఆట మానేశాడు, ఆయనకు అప్పటికి 27 ఏళ్లు కూడా సరిగ్గా నిండలేదు. ఒకే ఏడాదిలో రెండు దెబ్బలు. బలరామ్ జాగాలో ఎవరనేది అభిమానులు వాదించుకోగలరు. కానీ రహీం సాబ్ జాగాలో ఎవరు? ఆ వాదన పెట్టుకోవడానికి కూడా మన దగ్గర పేర్లు లేవు. 1964 ఏషియన్ కప్‌కు ఇంగ్లండ్ నుంచి హ్యారీ రైట్ వచ్చి కోచ్‌గా చేశాడు, రెండో స్థానం వచ్చింది. 1970 ఏషియన్ గేమ్స్‌లో హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ కెప్టెన్సీలో కాంస్యం. అంతే. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకు పతకమే లేదు.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. జర్నైల్ గాయపడితే ఏం చెయ్యాలో రహీం సాబ్ దగ్గర జవాబు ఉంది. రహీం సాబ్ లేకపోతే ఏం చెయ్యాలో ఫుట్‌బాల్ నడిపించే పెద్దమనుషుల దగ్గర జవాబు లేదు. పదమూడేళ్లు ఒక్క మనిషి మీద ఆధారపడ్డారు, ఆయన పక్కన నిలబెట్టి ఇంకో నలుగురు కోచ్‌లను తయారు చెయ్యలేదు. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటం. అంటే ఒక్క తీగ తెగితే ఊరంతా చీకటి.

బలరామ్ 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో కన్నుమూశాడు. 2024లో అజయ్ దేవగన్ రహీం సాబ్‌గా వేసిన "మైదాన్" హిందీ సినిమా వచ్చింది. మన దగ్గర చాలామంది ఆ పేరు మొదటిసారి విన్నది అప్పుడే. నేను బీటెక్ నాలుగేళ్లు హైదరాబాద్‌లోనే చదివిన, ఎల్‌బీ స్టేడియం ముంగట నుంచి ఎన్నిసార్లు పోయిన్నో లెక్కలేదు, ఒక్కరు కూడా నాకు ఈ ముచ్చట చెప్పలేదు.

సిటీ పోలీస్ జట్టు ఐదు రోవర్స్ కప్పుల కథ వేరే ఎపిసోడ్‌లో చెప్త, అది ఒక్క వీడియోలో పట్టదు. మీ ఇంట్లో తాతలు ఎవరన్నా ఫతే మైదాన్‌లో ఆ మ్యాచ్‌లు చూసి ఉంటే, కూచోబెట్టి అడిగి రికార్డు చెయ్యండి. మంచిది, ఉంట మరి.