ప్రత్యుత్తరమిచ్చు ప్రశ్నపత్రము – దాని సంచార చరిత్ర

అచ్చు ప్రశ్నపత్రమునకు ఒక సౌలభ్యము గలదు. దానిని సిద్ధపఱచినవారి పరికరము లేవియు అందుకొన్నవారి యొద్ద నుండ నక్కఱలేదు. విద్యార్థి సమాధానము తప్పో ఒప్పో తత్క్షణమే తెలుపు కంప్యూటరు ప్రశ్నావళికి ఈ సౌలభ్యము పుట్టుకతో రాలేదు. ప్రశ్న వేఱు, దానిని నడపు ప్రోగ్రాము వేఱు అగుటయే ఇందులకు హేతువు. ఈ రెండింటిని ఒక్క ఫైలుగా కూర్చి పంపుటకు జరిగిన యత్నములను ఇచ్చట పరిశీలింతము.

1960లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున డొనాల్డ్ బిట్జర్ ప్రారంభించిన ప్లేటో వ్యవస్థలో ఈ చిక్కు పొడసూపనే లేదు. ప్రశ్నలు, ప్రోగ్రాము, సమాధానముల లెక్క అన్నియు కేంద్ర కంప్యూటరునందే యుండెను. ప్రశ్న ప్రయాణము చేయలేదు; విద్యార్థియే దాని కడకు పోయెను.

1987లో ఆపిల్ సంస్థ మెకింటాష్ యంత్రములకై వెలువరించిన హైపర్‌కార్డుతో పరిస్థితి మాఱినది. బిల్ అట్కిన్‌సన్ రూపొందించిన ఈ సాధనముతో, ప్రోగ్రాము వ్రాయుటలో ఆఱితేరని ఉపాధ్యాయుడు సైతము కార్డులపై ప్రశ్నలు పేర్చి, మీటలమర్చి, ఆ కట్టను ఫ్లాపీలో మిత్రున కీయగలిగెను. అయితే ఆ మిత్రుని యొద్దను మెకింటాషు ఉండవలెను. 2004లో హైపర్‌కార్డు విక్రయము నిలిచిపోయినది. ఉపాధ్యాయులు శ్రమించి కూర్చిన కట్టలు నేటి సామాన్య యంత్రములపై నేరుగా తెఱచుకొనవు.

ఈ చరిత్రలో అసలైన మలుపు కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయమున, భాషాబోధనతో సంబంధముగల వారి చేతిలో కలిగినదని నా అభిప్రాయము. 1998లో వెలువడిన హాట్ పొటేటోస్ అను సాధనసముదాయమునకు మార్టిన్ హోమ్స్, స్టువర్ట్ ఆర్నీల్ కర్తలు. ఖాళీలు పూరించుట, జతపఱచుట, పదములను వరుసలో నుంచుట, గళ్లనుడికట్టు మొదలగు అభ్యాసములను ఇది సామాన్యమైన వెబ్ పుటగా మార్చి యిచ్చును. ప్రశ్న, సమాధానము, మార్కులు లెక్కించు జావాస్క్రిప్టు మూడును ఆ పుటలోనే ఇమిడియుండును. గ్రహీత కొత్తగా స్థాపించుకొనవలసిన దేదియు లేదు. అతని యంత్రమున బ్రౌజరు ముందే యున్నది. ఒక్క ఖాళీకి పెక్కు సమాధానములను అంగీకరించు ఏర్పాటును ఇందు గలదు. 'వెళ్ళి' అన్నను 'వెళ్లి' అన్నను ఒప్పుకొనవలసిన తెలుగువారికి దీని విలువ వేఱుగ చెప్ప నక్కఱలేదు. యంత్రము పోల్చునది అక్షరమునే గాని అర్థమును గాదు.

దీని వెంట ఒక లోపమును వచ్చినది. సమాధానములు పుటతోనే ప్రయాణించుటచే, పుట మూలమును తెఱచి చూచు నేర్పుగల విద్యార్థికి అవి దొరకును. కావున ఇట్టి ఫైలు స్వయంశిక్షణకు తగును, పరీక్షకు తగదు.

తెలుగు ప్రశ్నావళుల కింకొక అడ్డంకి యుండెను. రోమను అక్షరముల స్థానములలో తెలుగు రూపముల నుంచిన ఫాంటులతో తయారైన ఫైలు, ఆ ఫాంటు లేని యంత్రమున అర్థహీనమైన గుర్తుల వరుసగా కనబడెడిది. 1991నాటి యూనికోడ్ తొలి ప్రమాణమునందే తెలుగునకు స్థానము లభించినను, 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చిన పిదపనే ఆ ప్రయోజనము సామాన్యునకు అందసాగెను.

2000 ప్రాంతమున క్యూటీఐ, స్కార్మ్ అను ప్రమాణములు వెలసెను. ఇవి ఒక బోధనావ్యవస్థనుండి మఱియొకదానికి పాఠములను తరలించుట కుపకరించినవి; కాని వ్యవస్థ లేని ఒంటరి గ్రహీతకు ఆ పొట్లము విప్పరాని మూటయే. ఫ్లాష్ ప్రశ్నావళులు వేగముగ వ్యాపించి, 2020 డిసెంబరు 31న అడోబీ సంస్థ మద్దతు ముగించుటతో ఒక్కసారిగ మూగవోయినవి.

2013లో నార్వేలో మొదలైన హెచ్5పీ ఈ అనుభవమునకు భిన్నమైన మార్గము పట్టినది. దాని ఫైలు వాస్తవమునకు ఒక జిప్ పేటిక. విప్పి చూచినచో ప్రశ్నలు సాదా పాఠ్యముగ చదువనగును. నడపు ప్రోగ్రాము నశించినను ప్రశ్న నశింపదు. ఐనను ఆ ఫైలును పొందినవాడు నేరుగా తెఱచి ఆడలేడు. మూడిల్ వంటి వ్యవస్థయో, లుమి వంటి సాధనమో కావలెను. లుమి ఆ పేటికను ఒకే వెబ్ పుటగా మార్చి యిచ్చు సౌకర్యమును కల్పించినది. పంపువాడు ఆ పుటను పంపును, పొందినవాడు బ్రౌజరులో తెఱచును. విక్టోరియాలో 1998లో త్రొక్కిన త్రోవయు ఇదియే.