యజమాని లేని రచ్చబండ

2004లో నేను ఐసెలిన్‌లో దిగిన కొత్తలో మా ఇంజనీరింగ్ మిత్రులమంతా ఒక సైటులో గుంపు కట్టాం. పెళ్ళి ఫొటోలు, ఉద్యోగాలు పోయినప్పటి ఓదార్పులు అన్నీ అక్కడే. కొన్నేళ్ళకు సైటు మూసేస్తున్నామని కబురొచ్చింది. దాచుకోమని గడువు కూడా ఇచ్చారు. వారాంతంలో చూద్దాంలే అనుకున్నాను. తరువాత మా మిత్రుడొకడు పోయాడు. అతని మాటలు ఇప్పుడు ఎక్కడా లేవు.

చిత్రమేమిటంటే, నేను ఈ దేశం రాకముందు, 1990లలో ఇక్కడి తెలుగు విద్యార్థులు చేసుకున్న వాదోపవాదాలను మాత్రం నిన్న రాత్రి కూడా చదివాను. యూజ్‌నెట్‌లో 'సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు' అనే గుంపు ఉండేది. 1979లో డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఊహించిన ఈ యూజ్‌నెట్‌కు యజమాని అంటూ ఎవరూ లేరు. ఒక కంప్యూటరులో పెట్టిన ఉత్తరం పక్కదానికి, అక్కడినుంచి ఇంకోదానికి నకలుగా వెళ్ళేది. ఎవరి నకలు వారిదే. తెలుగు ఫాంట్లు అందరికీ అందని ఆ రోజుల్లో రైస్ విశ్వవిద్యాలయం నుంచి కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్‌లు ఆర్.టి.ఎస్. పద్ధతి తెచ్చారు. ఇంగ్లీషు పెద్దక్షరం కొడితే దీర్ఘం! మామూలు కీబోర్డు చాలు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అయితే తలుపు లేని ఇల్లు కదా. 1994 ఏప్రిల్‌లో అరిజోనా లాయరు దంపతులు గ్రీన్ కార్డు లాటరీ ప్రకటనను వేల గుంపుల్లో కుమ్మరించారు. (గ్రీన్ కార్డు అంటే మనవాళ్ళు చదవకుండా ఉంటారా!) అలాంటి చెత్త పెరిగేకొద్దీ జనం కాపలా ఉన్న చోట్లకు తరలిపోయారు: యాహూ గ్రూప్స్, ఆర్కుట్, ఆ తరువాత ఫేస్‌బుక్. నేనూ ఆ సుఖం మరిగినవాణ్ణే, కాదనను. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న, యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరు 15న మూతపడ్డాయి. యాహూ ఉత్తరాలు ఈమెయిలుగానూ వచ్చేవి కనుక కొందరి పెట్టెల్లో మిగిలాయి.

యూజ్‌నెట్ ఉత్తరాలు వాటంతటవే మిగిలాయని కాదు. టొరంటో విశ్వవిద్యాలయంలో హెన్రీ స్పెన్సర్ 1980ల నాటివి టేపుల మీద దాచాడు. డెజా న్యూస్ 1995 నుంచి పోగుచేసిన భాండాగారాన్ని 2001లో గూగుల్ కొన్నది. దాచేవాడు ఎవరినీ అడగనక్కర్లేకపోయింది, అదీ తేడా.

ఈ సభలకు వచ్చినవారిలో ఆనాటి విద్యార్థులు తప్పక ఉంటారు. పాత డిస్కుల్లో ఏమైనా మిగిలి ఉంటే ఒకసారి వెతకండి. నా వంతుగా దొరికినన్ని ఉత్తరాలు దించుకుని పెట్టుకున్నాను. మా బ్యాచ్ కబుర్లు ఇప్పుడు వాట్సాప్‌లో నడుస్తున్నాయి. వాటినీ దాచుదామంటే, "వారాంతంలో చూద్దాంలేరా" అంటున్నారు మావాళ్ళు.