గుండ్లకమ్మ ఒడ్డున కృప

1867 జనవరి. ఒంగోలులో కాపురం పెట్టి ఏడాదైనా నిండని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ తాళ్లకొండపాడుకు వెళ్లాడు. పిలిచినవాడు యర్రగుంట్ల పేరయ్య, తోళ్ల వ్యాపారం చేసే మాదిగ. చుట్టుపక్కల పల్లెల్లోని ఆయన బంధువులు నాలుగైదు రోజులకు సరిపడా తిండి, పడకలు కట్టుకుని వచ్చి తోపులో దిగారు. ఆ విడతలో 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

పేరయ్య అంతకుముందే దేవుణ్ణి వెతుకుతూ చాలా దూరం నడిచినవాడు. ఒక స్త్రీ గురువు దగ్గర రాజయోగం ఉపదేశం పొంది, కళ్లు మూసి శ్వాసను అదుపులో పెట్టే సాధన ఏళ్ల తరబడి చేశాడు. తోళ్ల బేరానికి ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడ యేసు మాట విన్నాడు. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం పొందాడు.

ఆయన ఊరూరా మోసుకెళ్లిన కబురు పౌలు పత్రికల్లోది. రక్షణ దేవుడు ఉచితంగా ఇచ్చేది, నమ్మి అందుకునేది. చేసిన క్రియలకు కూలిగా దక్కేది కాదు. పదహారో శతాబ్దపు జర్మనీలో మార్టిన్ లూథర్ ఈ మాట మీదే రోము చర్చితో తెగతెంపులకు దిగాడు. ఒంగోలు మాదిగపల్లెల్లో దాని బరువు ఇంకో రకం. గుడి గడప తొక్కనిచ్చేవారు కాదు, అక్షరం నేర్వనిచ్చేవారు కాదు, మడికి పనికిరారనేవారు. పుణ్యం సంపాదించే దారులన్నీ పుట్టుకతోనే మూసుకుపోయిన మనుషులకు, సంపాదించనక్కర్లేని రక్షణ ఎంత పెద్ద కబురో ఊహించుకోవచ్చు.

ఆ కబురు మిషన్ బంగళాను కూడా ఇరకాటంలో పెట్టింది. అప్పటికే ఒంగోలులో అగ్రకులాలవారు కొందరు ఆసక్తితో వచ్చిపోతున్నారు. మాదిగలను చేర్చుకుంటే తాము రాలేమని వాళ్లు తేల్చి చెప్పారు. ఆ రోజు క్లౌ ఒక గదిలో, ఆయన భార్య మరో గదిలో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమే కనిపించిందని క్లౌ తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. లోకం లెక్కలో జ్ఞానులు, గొప్పవాళ్లు కానివారినే దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగం అది. దంపతులు మాదిగల పక్షాన నిలబడ్డారు.

అయితే నియమాలు లేకపోలేదు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. క్లౌ పెట్టిన కట్టుబాట్లు ఈ మూడే. రక్షణకు మెట్లుగా కాదు, నమ్మినవాడి బతుకుకు గుర్తులుగా వీటిని బోధించారు. ఊళ్లో మాత్రం అవి పెద్ద తిరుగుబాటులా కనిపించాయి. చెప్పులు కుట్టడం, మోటకు తోలు తొడగడం, జాతరలో డప్పు కొట్టడం, చచ్చిన గొడ్డును ఈడ్చడం మాదిగల వంతు. జాతర డప్పు మానేస్తే ఊరి పెద్దలు పనులు ఆపించారు, నీళ్లకు రానివ్వలేదు. వెట్టి చేసే మనిషి ఆదివారం పని మానడం కూడా చిన్న సంగతేం కాదు. వారంలో ఒక్క రోజైనా ఆ ఒళ్లు ఆ మనిషిదే అయింది.

1876లో వానలు తప్పాయి. రెండేళ్ల కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. బోధకులే మేస్త్రీలు. పార దించిన వేళల్లో వాళ్లు క్రీస్తు కథ చెప్పారు. బాప్తిస్మం అడిగేవాళ్లు పెరిగేకొద్దీ క్లౌలో భయం కూడా పెరిగింది. గంజి కోసం వస్తున్నారేమో! దాదాపు 15 నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ జాగ్రత్తకు కారణం ఉంది. కానీ ఉచితమని చాటిన దాన్ని అడిగినవాళ్లకు ఇవ్వకుండా ఆపడంలోని ఇబ్బంది కూడా కాదనలేనిది.

దానికి జవాబు చెప్పింది కూలీలే. 1878లో సహాయ నిధులు అయిపోయాక కూడా జనం వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున గుమిగూడారు. బొబ్బలెక్కిన అరచేతులు చూపించారు. డబ్బు వద్దు, కష్టం చేసుకునే బతుకుతాం, వచ్చే పంటా పోతే చస్తాం, చచ్చినా క్రైస్తవులుగానే చస్తామన్నారు. క్లౌ దగ్గర ఇక అడ్డు చెప్పడానికి మాట లేదు. ఏ పల్లెవాళ్లను ఆ పల్లె బోధకుడే విచారించి, ఎరిగినవాళ్లని పూచీపడ్డాడు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది నదిలో మునిగి లేచారు. అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలో నిలబడి బాప్తిస్మమిచ్చారు. ఏడాది చివరికి సంఖ్య 9,606కు చేరింది.

ఒక్క రోజులో అంతమంది నిజంగా నమ్మారా అని అమెరికాలో అనుమానపడ్డవాళ్లున్నారు. పేరయ్యలాంటివాళ్లు అప్పటికి పన్నెండేళ్లుగా పల్లెల్లో తిరుగుతున్నారన్న సంగతి ఆ అనుమానంలో లెక్కకు రాలేదు. మూడు రోజుల పంట వెనుక ఉన్నది వాళ్ల నడకే.

ఊరి గీతలు మాత్రం అంత తేలిగ్గా చెరగలేదు. ఒంగోలు బాప్టిస్టు సంఘాల్లో ఎక్కువమంది మాదిగలు, గుంటూరు లూథరన్ సంఘాల్లో ఎక్కువమంది మాలలు. ఒకే కృపను బోధించిన రెండు మిషన్లు వేర్వేరు పల్లెల్లో వేళ్లూనాయి. పెళ్లి సంబంధాల దగ్గర ఆ తేడా తరాల తరబడి అలాగే ఉండిపోయింది.